చెక్క ఓడ మోడల్: అసలు పరీక్ష అణియం దగ్గరే

చెక్క ఓడ మోడల్ కట్టడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మధ్యలో వదిలేస్తారు. అలా ఆగిపోయిన మోడళ్లను గమనిస్తే చాలావరకు ఒకే దశలో ఆగి ఉంటాయి. ఓడ ముందుభాగాన్ని మన తీరంలో అణియం అంటారు, వెనకభాగాన్ని అమరం అంటారు. అణియం దగ్గర చెక్క బద్దలు మెలితిరిగి, అంచులు పైకి లేచి, ఒకదాని మీద ఒకటి ఎక్కేసిన చోట పని ఆగిపోతుంది. కిట్ కొనేటప్పుడు పెట్టె మీది ఫొటోలో భయపెట్టేవి వందలకొద్దీ తాళ్లు, వరసగా నిలబెట్టిన ఫిరంగులు. తీరా కూర్చుని కడితే అవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులే. కష్టమంతా ఓడ పొట్ట మీద ఉంటుంది.

ఈ హాబీకి ఓపిక ఒక్కటుంటే చాలని చాలామంది అనుకుంటారు. ఓపిక కావాల్సిందే. అయితే ఎంతో ఓపిక ఉండి కూడా వదిలేసినవాళ్లున్నారు. వాళ్లకు తెలియకుండా పోయింది ఒక చిన్న లెక్క. కిట్‌తో వచ్చే సూచనల పుస్తకాల్లో చాలావాటిలో ఆ లెక్క ఉండదు. ‘బద్దలు అతికించండి’ అని ఒక్క వాక్యం రాసి తర్వాతి బొమ్మకు వెళ్లిపోతాయి.

ఇప్పుడు దొరికే కిట్లలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో ఉంటాయి. ఓడ పొడవునా అడుగున నడిచే కీల్ ఒక ప్లైవుడ్ పలక. దానికి కోసిన గాడుల్లో అడ్డంగా బల్క్‌హెడ్లు దిగుతాయి. ఒక్కో బల్క్‌హెడ్ ఆకారం ఆ చోట ఓడను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం. ఈ చట్రం మీద అణియం నుంచి అమరం దాకా సన్నటి బద్దలు పక్కపక్కనే అతికిస్తూ పోతే ఓడ ఒళ్లు తయారవుతుంది. చాలా కిట్లలో రెండు పొరలుంటాయి. మొదటిది లైమ్ చెక్క (నిమ్మ కాదు, లిండెన్ అనే చెట్టుది), మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. దాన్ని బాగా రుద్ది నున్నగా చేశాక పైన వాల్‌నట్ లాంటి చెక్కతో పలచటి రెండో పొర. మొదటి పొరలో చిన్న తప్పులు జరిగినా రెండోది కప్పేస్తుందన్నది ధీమా. చిన్న తప్పులను కప్పుతుంది కూడా. ఒంపులో తప్పుంటే మాత్రం అదే తప్పు ఖరీదైన చెక్కతో మళ్లీ కనిపిస్తుంది.

ఇక లెక్క. ఓడ మధ్యలో, పొట్ట అన్నిటికంటే లావుగా ఉన్నచోట, డెక్ అంచు నుంచి కీల్ దాకా బల్క్‌హెడ్ అంచు వెంబడి ఒక కాగితపు పట్టీ పెట్టి కొలిస్తే 120 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బద్ద వెడల్పు 5 మిల్లీమీటర్లయితే అక్కడ 24 బద్దలు పడతాయి. ఇదే కొలత అణియం దగ్గర తీస్తే 72 మిల్లీమీటర్లే వస్తుంది. 24 బద్దలూ అక్కడిదాకా రావాలి, ఉన్న చోటేమో 72. అంటే ఒక్కో బద్ద అక్కడికొచ్చేసరికి 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. కిట్‌లో వచ్చే బద్ద మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా 5 మిల్లీమీటర్లే. సన్నబరచకుండా అలాగే అతికిస్తే, కుండకు చుట్టిన కాగితం ముడతలు పడ్డట్టు, బద్దలు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. చెయ్యి తిరగకపోవడం వల్ల ఇలా జరిగిందని కొత్తవాళ్లు బాధపడతారు. నిజానికి ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా సమాన వెడల్పు బద్దలు ఆ ఒంపు మీద కుదరవు.

అమరం దగ్గర కొన్ని ఓడల్లో దీనికి తిరగేసిన సమస్య వస్తుంది. అక్కడ కొలత 144 వస్తే ఒక్కో బద్దకు 6 మిల్లీమీటర్లు కావాలి, చేతిలో ఉన్నది 5. మధ్యలో ఖాళీలు పడతాయి. వాటిలో కొస సన్నగా చెక్కిన అదనపు బద్దలు దింపాలి. అణియం దగ్గర మరీ సన్నబడాల్సి వస్తే, అంటే అసలు వెడల్పులో సగానికి కిందికి వెళ్తే, రెండు బద్దలు అక్కడ ఒకటిగా కలిసిపోయేలా మలచాలి. పెద్ద ఓడలు కట్టిన వడ్రంగులు చేసింది కూడా ఇదే. మరీ సన్నటి కొసలో మేకు దిగితే చెక్క చీలిపోతుంది, అందుకే వాళ్లు బద్దను సగానికి మించి సన్నం కానిచ్చేవాళ్లు కాదు. మోడల్లో మేకు పని లేకపోయినా ఆ నియమం పాటించిన ఓడకూ పాటించని ఓడకూ తేడా దూరం నుంచే తెలిసిపోతుంది.

ఈ లెక్కకు ముందు ఇంకో పనుంది. బల్క్‌హెడ్ల అంచులు ఫ్యాక్టరీ నుంచి నిలువుగా కోసి వస్తాయి. ఓడ ఒళ్లు అణియం వైపు మూసుకుంటూ పోతుంది కాబట్టి ఆ అంచులను ఏటవాలుగా అరగదీయాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి వంగే పలచటి బద్ద ఒకటి తీసుకుని నాలుగైదు బల్క్‌హెడ్ల మీదుగా వేలితో నొక్కిపట్టి చూడాలి. ఒక్కో బల్క్‌హెడ్ అంచు మందమంతా బద్దకు ఆనాలి. ఒక మూలే తగిలితే ఇంకా రుద్దాలి. ఎక్కడైనా బద్ద కింద వెలుతురు కనిపిస్తే అక్కడ పలచటి చెక్క ముక్క అతికించి మళ్లీ రుద్దాలి. ఈ పని కనీసం రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఫొటో తీసి పెట్టుకునేంత ఆకర్షణ ఇందులో ఏమీ లేదు కాబట్టి చాలామంది గంటలో ముగించేస్తారు. ఓడ మొత్తంలో అంత ప్రయోజనం ఉన్న పని మరొకటి లేదు.

బద్ద వంచడం గురించి కూడా ఒక అపోహ ఉంది. గంటలకొద్దీ నీళ్లలో నానబెడితే చెక్క మెత్తబడుతుందని నమ్ముతారు. చెక్కలోని నారను పట్టి ఉంచే లిగ్నిన్ మెత్తబడేది వేడికి. నీటి పని ఆ వేడిని లోపలికి చేర్చడం, చెక్క మాడకుండా కాపాడడం. పది నిమిషాలు తడిపి, జుట్టు వంకీలు తిప్పుకునే కర్లింగ్ ఐరన్‌తోనో చిన్న ఇస్త్రీపెట్టెతోనో వేడి చేస్తూ మెల్లగా వంచితే బద్ద ఆ ఒంపులోనే ఉండిపోతుంది. పూర్తిగా ఆరాకే అతికించాలి. తడి బద్ద ఉబ్బి ఉంటుంది, అతికించాక ఆరి ముడుచుకుంటే పక్క బద్దతో సందు తేలుతుంది. జిగురు విషయంలో వడ్రంగం పనికి వాడే తెల్ల జిగురే మేలు. క్షణంలో అంటుకునే జిగురు త్వరగా పనవుతుందనిపిస్తుంది గానీ బద్దను సర్దుకునే అవకాశం ఇవ్వదు.

అందుకే మొదటి మోడల్‌గా హెచ్‌ఎంఎస్ విక్టరీ కొనడం పొరపాటు. ఆ ఓడ మీద ఉన్న మోజు అర్థమవుతుంది. 1765లో చాటమ్‌లో నీళ్లలోకి దిగింది, 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఓడ, 1922 నుంచి పోర్ట్స్‌మౌత్ డ్రై డాక్‌లో, అంటే నీళ్లు తోడేసిన రేవు గుంతలో, ఉంది. అయితే 104 ఫిరంగులు, 37 తెరచాపలు, అసలు ఓడలో దాదాపు 42 కిలోమీటర్ల తాడు. 1:72 కొలతలో, అంటే అసలు ఓడలో 72వ వంతుగా, కట్టినా ముందుకు పొడుచుకొచ్చే బౌస్ప్రిట్‌తో కలిపి పొడవు మీటరు దాటిపోతుంది. ఇంట్లో దాన్ని పెట్టే చోటు గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. మోడల్ షిప్‌వేస్ అనే అమెరికన్ కంపెనీ కొత్తవాళ్ల కోసం మూడు చిన్న పడవల వరస తెచ్చింది: గ్రాండ్ బ్యాంక్స్ చేపల డోరీ, నార్వే తరహా చిన్న ప్రామ్, లాబ్‌స్టర్లు పట్టే స్మాక్. డోరీకి అడుగు బల్లపరుపు, పక్కలకు కొద్ది పలకలే. దాని తర్వాత ప్రామ్‌లో ఒంపు పెరుగుతుంది. స్మాక్‌కు వచ్చేసరికి పూర్తి ఓడ ఒళ్లు, డెక్, తెరచాప స్తంభం అన్నీ ఉంటాయి. ఒంపు పెరిగే క్రమంలో పాఠం పెట్టడం తెలివైన పద్ధతి. ఇటలీ, స్పెయిన్ కిట్ల కంపెనీల పెట్టెల మీద ‘బిగినర్’ అని ఉన్నా లోపల గుండ్రటి అణియం ఉన్న ఓడ ఉండొచ్చు. పైగా విదేశీ కిట్ మన దేశానికి రప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది. అంత పెట్టి కొన్నది అటక మీదికి చేరితే మళ్లీ ఇటు చూడబుద్ధి కాదు.

చెక్క ఎంపికలో కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. అసలు ఓడ ఏ చెక్కతో కట్టారో అదే చెక్కతో మోడల్ కడితే అది చాలాసార్లు అసలు ఓడలా కనిపించదు. ఓక్ చెక్కలో రంధ్రాలు, గీతలు కంటికి కనిపించేంత పెద్దవి. 1:64 మోడల్లో ఓడ 64 వంతులు చిన్నదవుతుంది, చెక్క నార మాత్రం చిన్నదవదు. దాంతో మోడల్ బద్ద మీది ఒక రంధ్రం అసలు ఓడలో అయితే గుప్పెడంత గుంత అన్నట్టు కనిపిస్తుంది. టేకుదీ అదే ఇబ్బంది, దానికి తోడు అందులోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అందుకే అనుభవజ్ఞులు నార కంటికి ఆనని పేర్, బాక్స్‌వుడ్ లాంటి చెక్కలు వెతుక్కుంటారు. డెక్‌కు హాలీ అనే తెల్లటి చెక్క వాడతారు. మన దగ్గర ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర తెల్లగా, సన్నటి నారతో ఉంటుంది, లేత్ మీద చక్కగా తిరుగుతుంది. చిన్న పీపాలు, స్తంభాల కొసన బిగించే గుండ్లు లాంటి తిప్పుడు పనికి అది బాగా పనికొచ్చే సరుకు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి బాగా తేలిక, మరీ మెత్తన. ఒళ్లు మలిచే లోపలి దిమ్మలకు సరిపోతుంది, పైకి కనిపించే బద్దలకు సరిపోదు.

తాళ్లకు కూడా కొలత ఉంటుంది. ఓడ తాళ్లను ఆ రోజుల్లో చుట్టుకొలతతో చెప్పేవారు, వ్యాసంతో కాదు. పుస్తకంలో 10 అంగుళాల తాడు అని ఉంటే దాని వ్యాసం సుమారు 81 మిల్లీమీటర్లు, 1:64లో దారం మందం 1.3 మిల్లీమీటర్లు. ఈ తేడా పట్టించుకోక మూడింతల లావు తాడు కట్టినవాళ్లున్నారు. స్తంభాలను కదలకుండా పట్టి ఉంచే తాళ్లకు తారు పూసేవారు కాబట్టి అవి ముదురు రంగులో ఉండాలి. తెరచాపలను ఎత్తి దించే తాళ్లు లేత రంగులో ఉండాలి. నావికులు పైకి ఎక్కడానికి నిచ్చెన మెట్లలా కట్టిన అడ్డతాళ్ల మధ్య దూరం అసలు ఓడలో 13 నుంచి 15 అంగుళాలు, అంటే 1:64లో 5, 6 మిల్లీమీటర్లు. ప్రతి కలయిక దగ్గరా ఒక ముడి వెయ్యాలి. విసుగనిపించినా మనిషి కాలు పడే దూరం అదేనని గుర్తుంటే ఆ 5 మిల్లీమీటర్లను ఎవరూ 8 చెయ్యరు.

కొలత ప్రకారం చేసే ఓడ మోడళ్లకు మూడున్నర శతాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో యుద్ధనౌకలకు 1:48 కొలతలో మోడళ్లు చేసేవారు, అంటే అడుగుకు పావు అంగుళం. వాటిని నేవీ బోర్డ్ మోడళ్లంటారు. చాలావాటికి నీటిమట్టం కింద పలకలు కప్పకుండా చట్రం బయటికి కనిపించేలా వదిలేసేవారు. గ్రీనిచ్ మ్యూజియంలోనూ, అమెరికాలో అనాపొలిస్ నౌకాదళ అకాడమీలోనూ వాటి మంచి సేకరణలున్నాయి. ఇప్పటికీ మోడల్ కట్టేవాళ్లలో చాలామంది ఆ పద్ధతినే అనుసరించి ఒక పక్క పలకలు వదిలేస్తారు. లోపలి పని దాచుకోవాల్సిన అవసరం లేనివాళ్లు మాత్రమే చెయ్యగలిగిన పని అది. నెపోలియన్ యుద్ధాల కాలంలో పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ శిబిరంలో బందీలైన ఫ్రెంచివాళ్లు తమకు తిండిలో వచ్చిన మాంసం ఎముకలను ఉడికించి శుభ్రం చేసి, వాటితో ఓడలు చేసి అమ్ముకునేవారు. చేతిలో ప్లాన్ లేకుండా చేశారు కాబట్టి వాటి కొలతలు చాలాచోట్ల తప్పు. పనితనం చూస్తే మాత్రం చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఒక ఓడ గురించి తెలిసింది మారినప్పుడు మోడల్ కూడా మారాలి. స్వీడన్ యుద్ధనౌక వాసా 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో సుమారు 1300 మీటర్లు వెళ్లి మునిగిపోయింది. 1961లో బయటికి తీశారు. దాని శిల్పాల వెనక రంగు నీలమని మొదట్లో అనుకున్నారు, పాత మోడళ్లు, కిట్లు నీలం, బంగారు రంగుల్లో వచ్చాయి. తర్వాత చెక్క మీద మిగిలిన రంగు అణువులను పరీక్షిస్తే వెనక రంగు ఎరుపనీ, శిల్పాలకు రకరకాల గాఢమైన రంగులున్నాయనీ తేలింది. విక్టరీకి కూడా పాత పూతల పొరలను పరిశీలించి, 2015లో అందరికీ అలవాటైన ముదురు పసుపు తీసేసి, లేత గులాబీ ఛాయ ఉన్న రంగు వేశారు. అలమారలోని పాత మోడల్ తప్పని దీని అర్థం కాదు. అది కట్టిన ఏడాదికి తెలిసినంత నిజం అందులో ఉంది. కొత్తగా కడుతున్నవాళ్లు మాత్రం పెట్టె మీది ఫొటోను నమ్ముకుని రంగు వెయ్యకూడదు.

ప్లాన్ ఎంత విలువైనదో చెప్పే కథ ఒకటి బొంబాయికి సంబంధించింది. హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ అనే ఫ్రిగేట్‌ను (మధ్యరకం యుద్ధనౌకను) బొంబాయి రేవులో వాడియా కుటుంబపు ఓడల మేస్త్రీలు టేకుతో కట్టారు. దాన్ని కట్టడానికి ఇంగ్లండ్ నుంచి పంపిన ప్లాన్లు హెచ్‌ఎంఎస్ జావా అనే ఓడలో బయల్దేరాయి. 1812 డిసెంబరు చివర్లో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ ఆ జావాను ఓడించింది. ప్లాన్లు దానితోపాటే పోయాయి. మళ్లీ తెప్పించి, పని మొదలుపెట్టి, 1817 అక్టోబరు 12న ట్రింకోమలీని నీళ్లలోకి దించారు. ఆ రెండు ఓడలూ ఇప్పటికీ ఉన్నాయి, ట్రింకోమలీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో, కాన్‌స్టిట్యూషన్ బోస్టన్‌లో. కాన్‌స్టిట్యూషన్ కిట్లు ఎన్నో కంపెనీలు చేస్తాయి. బొంబాయి టేకు ఓడ అంత ప్రసిద్ధి పొందకపోవడం అన్యాయమే. భారతీయ చేతులు కట్టిన ఓడను కట్టాలనుకునేవాళ్లకు దాన్ని మించిన ఎంపిక కష్టం.

తెలుగు తీరానికి వస్తే కిట్ అనేదే లేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది, కానీ వేలిగోరంత నాణెం మీది బొమ్మ నుంచి పొట్ట ఒంపు రాబట్టలేం. కోరంగి, తాళ్లరేవు ప్రాంతంలో ఓడలు కట్టిన చరిత్ర ఉంది. 1839 తుపాను కోరంగి రేవును దెబ్బతీసింది. అక్కడి మేస్త్రీల విద్య ఎక్కువగా చేతుల్లోనూ కళ్లలోనూ ఉన్నదే, కాగితం మీద ఉన్నది కాదు. బయటివాళ్లు గీసుకున్నవి మాత్రం కొన్ని మిగిలాయి. బ్రిటిష్ నౌకాశాల మేస్త్రీ జాన్ ఎడై 1830లలో కోరమాండల్ (మన తూర్పు తీరం), మలబారు, సింహళ తీరాల పడవలను వర్ణించాడు. ఫ్రెంచి నౌకాదళ అధికారి ఫ్రాంస్వా ఎడ్మాన్ పారిస్ ఐరోపా బయటి దేశాల పడవలను తిరిగి కొలిచి 1840లలో ప్లాన్లతో ప్రచురించాడు. వాటిలో కోరమాండల్ తీరపు పడవలున్నాయి. తర్వాత పారిస్ నగరంలోని నౌకా మ్యూజియానికి అధిపతి అయ్యాక అలాంటి పడవల మోడళ్లు పెద్ద సంఖ్యలో చేయించాడు.

కోరమాండల్ పడవల్లో మోడల్‌కు అన్నిటికంటే అనువైనది మసూలా పడవ. రేవుల్లేని తీరంలో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, పోటెత్తే అలల మీదుగా మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చింది ఇదే. దీనికి చట్రం ఉండదు, పలకలకు మేకులుండవు. పలకల అంచులకు రంధ్రాలు వేసి, సందులో కొబ్బరి పీచు పెట్టి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. అల విసిరి ఇసుక మీద కొట్టినా పడవ ఒళ్లు కాస్త సాగి మళ్లీ సర్దుకుంటుంది, మేకులు కొట్టిన గట్టి పడవైతే విరిగిపోతుంది. ఎడై చెప్పిన ప్రకారం పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10, 11 అడుగులు, లోతు 7, 8 అడుగులు. 1:24లో కడితే సుమారు 38 నుంచి 44 సెంటీమీటర్లు. పుస్తకాల అలమారలో పట్టేస్తుంది.

మోడల్‌గా కట్టాలంటే లోపల ఒక తాత్కాలిక దిమ్మ మలిచి, దానికి మైనం రాసి, దాని మీద పలకలు ఒంపు తిప్పి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో అంచులకు సూది డ్రిల్లుతో రంధ్రాలు వేసి దారంతో కుట్టుకుంటూ పోవాలి. పైదాకా వచ్చాక దిమ్మ తీసేస్తే పడవ తనంతట తాను నిలబడాలి. వెడల్పు పలకలు కాబట్టి బద్దల లెక్క ఇక్కడ నాలుగైదు వరసల్లోనే తేలిపోతుంది, కానీ ఒక్కో పలక ఆకారాన్ని ముందే కాగితం మీద తీసుకోవాలి. పలుచటి కాగితం పరిచి పెన్సిల్ మొన పక్కకు పెట్టి రుద్దితే కింది పలక అంచు దాని మీద తేలుతుంది, ఆ గీత ప్రకారం కోస్తే సరి. కుట్టు లోపలి వైపు ఎలా కనిపించాలో చెన్నై లాంటి మ్యూజియాల్లోని పాత మోడళ్లు, ఫొటోలు చూసి నిర్ణయించుకోవాలి. కుట్టు దారం నారింజ పసుపు రంగు నైలాన్‌ది కాకుండా కొబ్బరి పీచు రంగులో ఉన్న సన్నటి నూలుది తీసుకుని, తేనెమైనం పట్టించి వాడితే పోగులు లేవవు.